నూలు దూడ నిలబడేదాకా

నవంబరు 30

మా ముర్రా గేదె ఈనింది. పెయ్యదూడ. తెల్లారుజామున నాలుగింటికి ఈనితే ఆరు కొట్టేసరికి లేచి నిలబడింది. నిలబడిందంటే, నాలుగు కాళ్లూ నాలుగు దిక్కులకి పెట్టి ఊగుతూ. హైదరాబాదులో ఉన్న మా ఆడపడుచుకి వీడియో కాల్లో చూపించాం. వాళ్ల బాబుకి 14 నెలలు. దూడను చూసి వాడు ఫోను అద్దాన్ని నాకేశాడు. ఆ ఊపులో "పండక్కొచ్చేసరికి నీకో దూడను అల్లి పెడతాలేరా" అనేశాను.

అత్తయ్యగారు చాటలో బియ్యం ఏరుకుంటూ తలెత్తి ఒకసారి చూసి, మళ్లీ బియ్యంలోకి వెళ్లిపోయారు. ఆవిడ ఏమీ అనకపోతే దానర్థం ఏంటో ఆరేళ్లుగా నాకు తెలుసు.

నేను ఇంతవరకు క్రోషే సూదితో అల్లినవి రెండు టీవీ కవర్లు, ఒక గుమ్మం తోరణం. అన్నీ బల్లపరుపు పనులే. ఆవిడ అలా కాదు. మాది నరసాపురానికీ పాలకొల్లుకీ మధ్య ఊరు. ఆవిడ తరంలో ఇక్కడ మధ్యాహ్నం గిన్నెలు కడగడం అవగానే అరుగుల మీద లేసు మొదలయ్యేది. అందులో ఆవిడది అతుకుపని. చేతిపని వాళ్లు పువ్వులు విడివిడిగా అల్లి ఇస్తే, కాజాకుట్టు వాళ్లు వేరే చేస్తే, అవన్నీ ఒక్కచోట చేర్చి అతుకు కనబడకుండా దుప్పటిగానో బల్లగుడ్డగానో కలపడం. కళ్లజోడు నంబరు పెరిగాక మానేశారు.

గడువు కనుమ. పశువుల పండగ రోజు దూడ చేతిలో ఉండాలి. కొలత జానెడుకి కాస్త తక్కువ.

డిసెంబరు 3

దారం కోసం నరసాపురం వెళ్లాను. 19వ శతాబ్దంలో మిషనరీలు ఇక్కడి ఆడవాళ్లకి నేర్పిన పని ఇది, ఇప్పటికీ ఇక్కడి లేసు విదేశాలకు పోతుంది, 2024లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు కూడా వచ్చింది. అలాంటి ఊళ్లో దారానికి లోటేముంటుంది అనుకున్నాను. దుకాణం నిండా దారమే. తెలుపు, మీగడ రంగు, ఇంకో రకం తెలుపు. అన్నీ వెంట్రుకంత సన్నం. నల్లది, లావుది కావాలంటే ఆయన నన్ను జాలిగా చూశాడు. "నల్ల లేసు ఎవరేసుకుంటారమ్మా?"

సన్నదారంతో బొమ్మ అల్లకూడదని కాదు, అల్లొచ్చు. వేలెడు దూడ వస్తుంది, ఉగాదికి పూర్తవుతుంది.

భీమవరం వెళ్తేగానీ దొరకదని తేలింది. "కాటన్ కోసం భీమవరం వెళ్తున్నా" అంటే మా ఆయన, "కాటన్ దొర విగ్రహాలు ఊరూరా ఉన్నాయిగా, భీమవరం దేనికి?" అన్నారు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసిన దొర పేరు మీద మా డెల్టాలో జోకులు కూడా అంత పాతవే.

డిసెంబరు 4

భీమవరంలో నాలుగు పోగుల నూలు దారం దొరికింది. నల్లవి రెండు బంతులు, బూడిదరంగు ఒకటి, తెల్లది చిన్నది. యాక్రిలిక్ అయితే చవక, రంగులు కూడా ఎక్కువ. కానీ చంటాడు ఎలాగూ నోట్లో పెట్టుకుంటాడు, కొద్దిరోజులకి యాక్రిలిక్ మీద నూగు లేస్తుంది. పైగా లోపల గట్టిగా కూరితే అది సాగి బెజ్జాలు తెరుచుకుంటాయి. నూలు అంత తేలిగ్గా సాగదు.

బంతి మీద 3 నుంచి 4 మిల్లీమీటర్ల సూది వాడమని రాసి ఉంది. అది స్వెట్టర్లకి. బొమ్మకి ఎప్పుడూ ఒకటో రెండో సైజులు తగ్గించాలి, అందుకని 2.5 తీసుకున్నాను. పిడికి రబ్బరు తొడుగు ఉన్నది. అత్తయ్యగారి ఉక్కు సూది పక్కన పెడితే తాటిచెట్టు పక్కన మర్రిచెట్టులా ఉంది.

డిసెంబరు 5

మొదలుపెట్టాను, విప్పేశాను.

నెట్లో దొరికే ఆవుబొమ్మలన్నీ తెలుపు మీద నలుపు మచ్చల హోల్‌స్టీన్లు, గులాబిరంగు మూతులు. గేదెదూడ ఒక్కటీ లేదు. సరే, ఒక ఆవు నమూనా పట్టుకుని తలకాయ మొదలుపెట్టాను. మ్యాజిక్ రింగ్‌లో (లాగితే బిగుసుకునే దారపు ఉంగరం) ఆరు "డబుల్" కుట్లు వేయమంది, వేశాను. పన్నెండు, పద్దెనిమిది, ఇరవైనాలుగు. నాలుగు చుట్లకే చేతిలో చిక్కం తయారైంది.

అత్తయ్యగారు దాన్ని దీపం ముందు పట్టుకుని, వెలుతురు ఎన్నిచోట్ల నుంచి వస్తోందో చూసి, "ఇది లేసమ్మాయ్. కూరావంటే దూది బయటికొచ్చి నిన్ను పలకరిస్తుంది" అన్నారు.

తప్పు ఎక్కడో రాత్రి తెలిసింది. ఆ నమూనా బ్రిటిష్ వాళ్లది. వాళ్లు డబుల్ క్రోషే అనేదాన్నే అమెరికా వాళ్లు సింగిల్ క్రోషే అంటారు. నేను నేర్చుకున్నది అమెరికా వీడియోల నుంచి. పొట్టి కుట్టు వేయాల్సిన చోట పొడుగు కుట్టు వేశాను. నమూనా తెరవగానే ముందు చూడాల్సింది అదే: "సింగిల్" అన్న మాట ఎక్కడైనా ఉందా? ఉంటే అమెరికా లెక్క. బ్రిటిష్ లెక్కలో సింగిల్ అనే పేరే మామూలుగా కనబడదు.

డిసెంబరు 6

అంతా సింగిల్‌తోనే. ఒకటి మాత్రం నాకు వింతగా ఉంది. తోరణం అల్లినప్పుడు చుట్టు పూర్తవగానే స్లిప్ కుట్టుతో మూసి, ఒక గొలుసు పైకి వేసి, తర్వాతి చుట్టు ఎత్తుకునేదాన్ని. ఈ బొమ్మలకి మూయడం ఉండదు. నత్తగుల్లలా తిరుగుతూ పోవడమే. మూస్తే వెనకాల ఒక గీత ఏటవాలుగా పాక్కుంటూ పోతుంది. మూయకపోతే చుట్టు ఎక్కడ మొదలైందో తెలీదు. అందుకని ప్రతి చుట్టు మొదటి కుట్టుకి ఒక పిన్నీసు. (ఈ పిన్నీసు సంగతి తర్వాత వస్తుంది.)

జపాను వాళ్లు వీటిని అమిగురుమి అంటారు. అమి అంటే అల్లిక, నుయిగురుమి అంటే కూరిన బొమ్మ. రెండూ కలిపేశారు. అత్తయ్యగారికి చెబితే "అమ్మిగారమ్మా?" అన్నారు. అప్పటినుంచి ఇంట్లో దాని పేరు అమ్మిగారు.

డిసెంబరు 9

మూతి. బూడిదరంగుతో గుండ్రంగా మొదలుపెట్టి నలుపులోకి మారాను. బాగానే వచ్చింది అనుకుంటుండగా మా ఆయన వచ్చి, "పందిపిల్ల బాగుంది" అన్నారు.

కోపం వచ్చింది గానీ పాకలోకి వెళ్లి చూశాను. నిజమే. గేదెదూడ మూతి గుండ్రం కాదు, వెడల్పు. ముక్కుపుటాలు రెండు పక్కలకీ సర్దుకుని ఉంటాయి. పందికి అయితే కొసన బిళ్ల పెట్టినట్టుంటుంది. నేను అల్లింది ఆ బిళ్లనే.

విప్పి కోలగా మొదలుపెట్టాను. ఐదు గొలుసులు. సూదికి దగ్గర గొలుసు వదిలి తర్వాతి మూడింట్లో ఒక్కో కుట్టు, చివరి దాంట్లో మూడు, అక్కడినుంచి గొలుసు రెండోవైపు తిరిగి రెండు, ఆఖరి దాంట్లో రెండు. మొత్తం పది. రెండో చుట్టులో రెండు కొసల దగ్గరే మూడేసి పెంచితే పదహారు, మూడో చుట్టులో అలాగే ఇరవైరెండు. పక్కల్లో పెంచకూడదు, పెంచితే మళ్లీ గుండ్రం. తర్వాత మూడు చుట్లు కదపకుండా ఇరవైరెండే. అప్పుడు నలుపు దారం.

నుదురు కోసం ఒక చిన్న మోసం చేశాను. నలుపులోకి మారాక రెండో చుట్టులో ఆరు కుట్లు పెంచాను, ఆరూ పైభాగంలోనే. కింది దవడ అలాగే ఉండి నుదురు మాత్రం ఉబ్బింది. పక్కనుంచి చూస్తే దూడే. ఈ డైరీలో నేను గొప్పగా చెప్పుకోగలిగింది ఇదొక్కటే కాబట్టి రాసుకుంటున్నాను.

డిసెంబరు 12

నలుపు దారంతో రాత్రిపూట అల్లేవాళ్లకి దండం. కుట్టు ఎక్కడుందో కనబడదు, వేలితో తడుముకోవాలి. ఇరవైఎనిమిది ఉండాల్సినవి ఒకసారి ఇరవైఏడు, ఒకసారి ముప్ఫై. అత్తయ్యగారు నా ఒళ్లో మామయ్యగారి తెల్ల పంచె మడిచి వేశారు. కింద తెలుపుంటే కుట్ల సందుల్లోంచి అది మెరుస్తుంది, బెజ్జం ఎక్కడో తెలుస్తుంది. సగం కష్టం తీరింది.

మిగతా సగం అంతకంటే పెద్దది. అల్లిన తల ముక్కను తడి తెల్లగుడ్డతో రుద్దాను, ఎందుకో అనుమానం వచ్చి. గుడ్డ మీద నల్లటి మరక. నీళ్లలో ముంచితే గిన్నె అంతా కాటుక నీళ్లు. ఉప్పు వేసి నానబెడితే రంగు ఆగుతుందంటారు, రాత్రంతా నానబెట్టాను. ఆగలేదు. దారం తయారైనప్పుడే సరిగ్గా పట్టని రంగుని ఇంట్లో ఉప్పుతో పట్టించలేం. టీవీ కవరైతే పోనీ అనుకోవచ్చు, ఇది 14 నెలల వాడి నోట్లోకి వెళ్లేది. మూతి తప్ప మిగతాదంతా విప్పేశాను. బూడిదరంగు పోలేదు, అదృష్టం.

ఇలాంటిదేదైనా మొదలుపెట్టేవాళ్లు దారం కొన్నరోజే మూరెడు ముక్క కత్తిరించి తడిపి, తెల్లగుడ్డలో నొక్కి చూడండి. నేను ఎనిమిది రోజుల తర్వాత చూశాను.

డిసెంబరు 16

ధనుర్మాసం. ఊళ్లో నెలగంట పెట్టారు. పొద్దున్నే మంచు, ముగ్గులు, మైకులో తిరుప్పావై.

కొత్త దారం వచ్చింది. ఈసారి నలుపు కాదు, బొగ్గురంగు. తడిపి చూశాను, గుడ్డ తెల్లగానే ఉంది. పైగా పాకలో దూడను ఎండలో నిలబెట్టి బంతి పక్కన పెట్టి చూస్తే ఇదే అసలు రంగని తెలిసింది. ముర్రా నలుపే గానీ, పసిదూడ ఒంటి మీద బొచ్చు పలచగా ఉండి లోపలి చర్మం బూడిదగా కనిపిస్తుంది. మొదటి దారం తప్పని రంగు పోయేదాకా తెలీలేదు. ఇందులో కుట్లు కూడా కనబడుతున్నాయి.

ఇంకొకటి మార్చాను. సూది కుట్టులో దూర్చి దారాన్ని అందుకునేటప్పుడు మామూలుగా దారం సూది మీదుగా వస్తుంది. అలా కాకుండా సూదినే దారం మీదకి తెచ్చి కొక్కెంతో కిందికి లాగితే కుట్టు "వి" ఆకారంలో కాకుండా ఇంటూ గుర్తులా వస్తుంది, బిగువుగా ఉంటుంది. బొమ్మ కాస్త చిన్నదవుతుంది, చేయి కాస్త ఎక్కువ నొప్పెడుతుంది. కానీ దీపం ముందు పట్టుకుంటే వెలుతురు రాలేదు. అత్తయ్యగారు రెండోసారి పట్టుకుని చూసి తల ఊపారు.

"నలభై ఏళ్లు బెజ్జం అందంగా రావాలని అల్లాం. ఇప్పుడు బెజ్జం లేదని చూస్తన్నాను," అన్నారు.

డిసెంబరు 21

తల పూర్తి. ఇరవైఎనిమిది మీద ఎనిమిది చుట్లు, తర్వాత ఇరవైనాలుగు, పద్దెనిమిది, పన్నెండు, ఆరు. తగ్గించేటప్పుడు రెండు కుట్లనీ పూర్తిగా పట్టి లాగితే అక్కడొక గడ్డ, పక్కన ఒక చిల్లు. రెండు కుట్ల ముందరి పోగులు మాత్రమే పట్టి లాగితే తగ్గించిన చోటు ఎక్కడో మనకే దొరకదు.

దూది కూరి, మూసి, దారం ముడేసి, తృప్తిగా చూసుకున్నాక లెక్కపెట్టుకుంటే పిన్నీసు లేదు.

డబ్బాలో ఆరుండాలి, ఐదున్నాయి. చాప దులిపాం. మంచం కింద చూశాం. మా ఆయన టార్చి వేసి గడపదాకా వెతికారు. మామయ్యగారు ట్రాన్సిస్టర్ స్పీకరు విప్పి దాచిన అయస్కాంతం ఒకటి తెచ్చి తల చుట్టూ తిప్పారు. ఎడమ దవడ దగ్గర బొమ్మ తల అయస్కాంతం వెంట కదిలింది. చంటాడి బొమ్మలో పిన్నీసు. నా గుండె జారిపోయింది.

ఎనిమిది చుట్లు విప్పి తీశాను. మూసి ఉన్నది తెరుచుకుని ఉంది లోపల.

ఇకనుంచి పిన్నీసు లేదు. రంగుదారం ముక్క చుట్టు మొదట్లో కుట్ల మధ్య వేలాడేస్తున్నాను, ముందుకి వెనక్కి. లోపల మర్చిపోయినా దారం దారమే.

డిసెంబరు 25

దూది మీద చిన్న తగువు. అత్తయ్యగారు బూరుగుదూది అంటారు. అటక మీద పాత పరుపుది ఉంది, శుభ్రం చేసి ఎండబెట్టారు కూడా. మెత్తగా, చల్లగా, తేలిగ్గా ఉంటుంది, కాదనను. నేను పాలియెస్టర్ దూది అంటాను.

చిన్న సంచులు రెండు అల్లి ఒక్కోదాంట్లో ఒకటి కూరి బకెట్ నీళ్లలో వేశాం. పాలియెస్టర్ మునిగింది. బూరుగు సంచి పడవలా తేలింది. ఆ దూది పీచు లోపల డొల్ల, పైన మైనంలాంటి పూత. అందుకే నీళ్లు పట్టవు. ఒకప్పుడు ఓడల్లో ప్రాణరక్షణ జాకెట్లలో కూరింది ఇదే. అత్తయ్యగారు "చూశావా" అన్నట్టు చూశారు. తర్వాత నేను రెండింటినీ చంటాడి బట్టలు ఉతికినట్టే సబ్బు పెట్టి పిసికి, పిండి, ఆరేశాను. మర్నాటికి పాలియెస్టర్ మళ్లీ పొంగింది. బూరుగు ఉండలు కట్టి ఒక మూలకి చేరింది.

వరదొస్తే బూరుగు, ఉతకాలంటే పాలియెస్టర్. వాడు ఉచ్చ పోస్తాడు కాబట్టి పాలియెస్టర్.

జనవరి 1

ఒళ్లు అయిపోయింది. ఆరుతో మొదలై ముప్ఫైఆరుదాకా పెంచి, పద్నాలుగు చుట్లు నేరుగా, మళ్లీ ఆరుదాకా తగ్గింపు. ఇందులో చెప్పుకోవడానికేమీ లేదు, గుమ్మడికాయ అల్లినట్టే. చెవులు రెండు, తోక ఒకటి. తోక చివర తెల్ల కుచ్చు.

మామయ్యగారు వచ్చి, "కొమ్ములేయి?" అన్నారు.

"నెల దూడకి కొమ్ములేంటండీ మామయ్యగారూ."

"కనుమకి రంగెయ్యడానికి ఏదో ఒకటి ఉండాల్నా, లేదా?"

ముర్రా కొమ్ములు చెవి పక్కన బిగుసుకుపోయిన జిలేబీల్లా ఉంటాయి. అల్లాలంటే మళ్లీ వారం. వచ్చే ఏడాది దూడ పెరిగాక వేస్తానని చెప్పాను. ఏ దూడ అని ఆయన అడగలేదు.

జనవరి 4

కాళ్లు నాలుగు. ఆరు, పన్నెండు, తర్వాత ఒక చుట్టు వెనక పోగులో మాత్రమే (గిట్ట అంచు తిరగడానికి), ఆపైన తొమ్మిది చుట్లు. నాలుగూ ఒక్కరోజులో అయ్యాయి. ఒకదానికి పది చుట్లు వేసి విప్పుకున్నాను.

అతికాను. నమూనాలో చెప్పినట్టు పైకొసలు నొక్కి మూసి, ఆ చప్పిడి అంచుని పొట్ట కింద కుట్టాను. బల్ల మీద నిలబెట్టి చేయి వదిలాను.

మోకాళ్ల మీద కూలబడింది. ఇంకోసారి. మూతి బల్లకి తగిలింది. ఇంకోసారి పక్కకి ఒరిగింది. ఈనిన రోజు పొద్దున అసలు దూడ కూడా ఇంత అన్యాయంగా పడలేదు. లోపల తీగ పెట్టి నిలబెడతారు కొందరు. పెద్దవాళ్ల షోకేసులోకి అయితే సరే. మా వాడికి తీగా పిన్నీసూ ఒకటే.

జనవరి 7

మూడు రోజులుగా దూడ బీరువా మీద బోర్లా పడుంది. నేను దాని వైపు చూడటం మానేశాను. ఊరంతా పండగ సందడి, పిండి దంచాలి, అరిసెలు వండాలి.

మధ్యాహ్నం నిద్ర లేచేసరికి అత్తయ్యగారు అరుగు మీద కళ్లజోడు పెట్టుకుని కూర్చున్నారు. దూడ ఒళ్లో ఉంది, కాళ్లు నాలుగూ ఊడదీసి తాంబూలం పళ్లెంలో వరసగా పెట్టి ఉన్నాయి. నా గుండె మళ్లీ జారింది.

"ఎవరు చెప్పారమ్మాయ్ నీకు, కాలు నొక్కి మూసి కుట్టమని?"

"నమూనాలో ఉందత్తయ్యా."

"ఒక గీత మీద నిలబెట్టావ్ దాన్ని. గీత మీద తలుపు ఊగుద్ది, కాలు నిలబడదు."

ఆవిడ చూపించింది ఇది. పైకొస మూయకూడదు. గుండ్రంగా తెరిచి ఉన్నట్టే పొట్టకి ఆనించి, చుట్టూ పన్నెండు కుట్లకీ పన్నెండు అతుకులు వేయాలి. అప్పుడు కాలు గొట్టంలా నిలబడుతుంది, ఎటూ మడవదు. పొట్ట వంపు తిరిగి ఉంటుంది కాబట్టి కాలి బయటివైపు ఒక చుట్టు పైకి, లోపలివైపు ఒక చుట్టు కిందికి పట్టాలి. లేకపోతే కాళ్లు నాలుగూ బయటికి చాచుకుంటాయి. దూది గిట్ట దగ్గర రాయిలా, పైన కాస్త వదులుగా. ముప్పాతిక భాగం అతికాక సందులోంచి ఇంకో చిటికెడు కూరి అప్పుడు మూయాలి. ఆ ఆఖరి చిటికెడు దూదితోనే కీలు బిగుస్తుంది.

ఎక్కడ అతకాలన్నది ఇంకో సంగతి. నేను కళ్లతో చూసి పెట్టేశాను. ఆవిడ రంగుదారంతో పొట్ట మీద నాలుగు గుర్తులు వేశారు, కుట్లు లెక్కపెట్టి. ముందుకాళ్ల మధ్య నేను మూడు కుట్ల ఎడం ఇచ్చాను, ఆవిడ ఏడు ఇచ్చారు. తల బరువు ముందుకి లాగుతుంది కాబట్టి ముందుకాళ్లని రెండు చుట్లు తల వైపుకి జరిపారు. తల లేకుండా కాళ్లు కుదర్చడం నా తప్పట. తలను ముందు నాలుగు పెద్ద కుట్లతో తాత్కాలికంగా తగిలించి, అప్పుడు కాళ్ల చోటు చూశారు. ముగ్గు వేసేముందు చుక్కలు పెట్టినట్టు.

కుట్టే తీరు. మొద్దుమొన సూదిలో అదే బొగ్గురంగు దారం. పొట్ట మీది కుట్టు కిందనుంచి సూది దూర్చి రెండు పోగులూ పట్టాలి, కాలి అంచు కుట్టులో రెండు పోగులూ పట్టాలి. మూడు నాలుగు కుట్లు వదులుగా వేసి అప్పుడు ఒక్కసారి లాగాలి. లాగగానే దారం లోపలికి మునిగి, రెండు అంచులూ దగ్గరకొచ్చి ముఖాముఖీ అవుతాయి. దారం కనబడదు. అల్లిక ఒళ్లులోంచే కాలై కిందికి దిగినట్టుంటుంది. ముడిని వేలితో తడిమి, సూదిని పొట్టలోంచి అవతలికి తీసి, చిన్నగా లాగితే ముడి టప్పున లోపలికి పోయింది. కొసని ఒంటికి ఆనించి కత్తిరిస్తే అదీ లోపలికి పారిపోయింది.

ఒకటి ఆవిడ వేశారు, ఒకటి నాచేత వేయించారు, అందులో మూడుసార్లు విప్పించారు. మిగతా రెండూ మళ్లీ ఆవిడే తీసుకున్నారు, నా వేగం చూడలేక.

"అల్లేవాళ్లు ఊరినిండా ఉండేవోళ్లు," అన్నారు, పని చేస్తూనే. "అతుకు కనబడితే మాత్రం దుప్పటి మొత్తం వెనక్కొచ్చేది. దారం తూచి ఇచ్చేవోళ్లు, దుప్పటి తూచి పట్టుకెళ్లేవోళ్లు. తగ్గితే కూలిలో కోత. ఎవరి దగ్గర తగ్గిందో వాళ్లకి అక్కర్లేదు, ఆఖరున నా చేతిలో ఉంది గాబట్టి నాదే." ఎవరి గురించి అంటున్నారో ఆవిడా చెప్పలేదు, నేనూ అడగలేదు.

సాయంత్రం దూడను అరుగు మీద పెట్టి వదిలాం. నిలబడింది. వెనక కుడికాలు వీసమెత్తు పైకి ఉంది, అది నేను కుట్టింది.

జనవరి 10

ముఖం. మూడేళ్ల లోపు పిల్లల బొమ్మలకి ప్లాస్టిక్ కళ్లు పెట్టకూడదు, వెనక బిళ్ల ఎంత బిగించినా సరే. కొరికి లాగితే ఊడి గొంతులో పడతాయి. మెడలో మువ్వ పెడదామనుకున్నాను, అదీ మానేశాను. దారంతోనే కళ్లు. బొగ్గురంగు మీద నల్ల కన్ను కనబడలేదు. పాకలోకి వెళ్లి చూస్తే దూడ పక్కకి చూసినప్పుడు కంటి కింద నెలవంకలా తెల్లగుడ్డు కనిపించింది. అదే పెట్టాను. మూడు తెల్ల పోగులతో దూడకి ప్రాణం వచ్చింది, కొంచెం దొంగచూపు కూడా వచ్చింది. కళ్లు ముందుకి కాకుండా పక్కలకి ఉండాలి. ముందుకి పెట్టినప్పుడు కోతిలా ఉంది.

నుదుట తెల్ల బొట్టు. మా దూడ బొల్లిది కాదు గానీ ఆ చోటు బోసిగా ఉంది. చెవులు అడ్డంగా, కాస్త కిందికి వాలి. తోక. తల ఖాయంగా అతకడం అత్తయ్యగారు. చెవులూ తోకా నేను.

వంటింటి త్రాసు మీద పెట్టారు అత్తయ్యగారు. దూది ముందే తూచి రాసుకున్నారట, నాకు చెప్పలేదు. దూది తీసేస్తే, కొన్న దారంలోంచి మిగిలింది తీసేస్తే, నాలుగు గ్రాములు లెక్కకి రాలేదు. కత్తిరించిన కొసలన్నీ నేను చెత్తబుట్టలో వేశానని ఒప్పుకున్నాను. ఆవిడ బుట్ట వెతికి తీసి గాజుసీసాలో వేసుకున్నారు.

భోగి

తెల్లవారుజామున భోగిమంట, పిల్లల మెడల్లో పిడకల దండలు. సాయంత్రం చంటాడికి భోగిపళ్లు పోశాం. రేగిపళ్లు, చిల్లర, నానబెట్టిన శనగలు నెత్తిన పడుతుంటే వాడు బిత్తరపోయి ఏడుపు మొదలెట్టాడు. అప్పుడు ఒళ్లో దూడను పెట్టాం. ఏడుపు ఆపి దూడను చూశాడు. దాని మూతి తన నోట్లో పెట్టుకున్నాడు. ఇక పేరంటాలు ఎవరూ వాడికి అక్కర్లేదు.

ఆడపడుచు "ఎక్కడ కొన్నావు వదినా?" అంది. అత్తయ్యగారి ముఖం చూడాల్సింది.

కనుమ

గేదెలను కడిగి, కొమ్ములకి రంగులేసి, మెడలో బంతిపూల దండలు వేశారు మామయ్యగారు. చంటాణ్ని పాకలోకి ఎత్తుకెళ్లాం, చేతిలో బొమ్మ. అసలు దూడ వచ్చి బొమ్మను వాసన చూసి, తలనుంచి తోకదాకా ఒక్క నాకుడు నాకింది. వాడు కిలకిలా నవ్వి బొమ్మను దాని మూతికేసి రుద్దాడు. జొల్లు, కుడితి, పసుపు. సబ్బుతో ఉతికాను. నీళ్లు మురికివే గానీ రంగు పోలేదు. దండెం మీద తోక పట్టుకుని వేలాడేస్తే అత్తయ్యగారు చూసి విప్పి చాటలో ఆరబెట్టారు.

జనవరి 24

హైదరాబాదు నుంచి ఆడపడుచు వీడియో కాల్. వాడు దూడను చెవి పట్టుకుని ఇల్లంతా ఈడుస్తున్నాడట. కుడిచెవి ఊడిపోయింది. కాళ్లు నాలుగూ గట్టిగానే ఉన్నాయి. చెవి దాచిపెట్టింది, ఉగాదికి తెస్తానంది.

అత్తయ్యగారు పక్కనుంచి ఫోనులోకి వంగి, కళ్లజోడు సర్దుకుని, ఊడిన చోటుని దగ్గరగా పెట్టమన్నారు. చూశారు. నా వైపు తిరగకుండానే అడిగారు.

"చెవులు అతికిందెవరమ్మాయ్?"